వేలు పెట్టేవాళ్ళు, తల దూర్చేవాళ్ళు

నాందేడ్ నుంచి నిజామాబాద్ వైపు వచ్చే రైలు ముద్‌ఖేడ్ దాటాక మా ఉమ్రీలో ఆగుతుంది. తర్వాత కర్ఖేలి, ధర్మాబాద్, బాసర, ఆవల గోదావరి వంతెన. ఈ దారిలో మరాఠీ ఎక్కడ అయిపోయి తెలుగు ఎక్కడ మొదలవుతుందో ఎవరూ గీత గీసి చూపించలేరు. అందుకే పరాయివాళ్ళ సంగతిలో కల్పించుకునే ఆడపిల్లకు మా ఊళ్ళో మూడు భాషల్లో చీవాట్లు పడతాయి. పక్కింటి మరాఠీ ఆజీ 'లుడ్‌బుడ్ కరూ నకోస్' అంటుంది. కిరాణా కొట్టు చాచా దక్నీలో 'బీచ్ మే కాయ్కూ ఆతీ' అంటాడు. మా అమ్మమ్మ మాత్రం 'కందకు లేని దురద కత్తిపీటకెందుకే బిడ్డా, సప్పుడు జేయకుండ కూసో' అనేది.

మరాఠీవాళ్ళు ఇతరుల విషయంలో ముక్కు దూరుస్తారు. తెలుగులో మనకు రెండు మాటలున్నాయి: వేలు పెట్టడం, తల దూర్చడం. రెంటినీ ఒకటిగానే వాడేస్తాం గానీ తేడా చిన్నది కాదు. వేలు కాలితే చటుక్కున వెనక్కి లాక్కోవచ్చు. తల అలా కాదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటు తప్పదని సామెతే చెబుతోంది. ఆడపిల్లల బోర్డింగు స్కూలు నవలల్లో అడక్కుండానే అందరి గొడవల్లోనూ దిగే నాయికలను చదువరులు ఎందుకు ప్రేమిస్తారు, అదే పని చేసే మరికొందరిని ఎందుకు భరించలేరు అన్న పాత ప్రశ్నకు జవాబు ఈ రెండు మాటల మధ్యే ఉందని నాకనిపిస్తుంది.

ఈ నవలల పుట్టుక ఇంగ్లండులో. సారా ఫీల్డింగ్ 1749లో తొమ్మిది మంది ఆడపిల్లల చిన్న బడి గురించి రాసిన పుస్తకాన్ని మొదటిదిగా చెబుతారు. ఎల్.టి. మీడ్ 1886లో, ఏంజెలా బ్రాజిల్ 1906లో ఈ దారిని వెడల్పు చేశారు. 1920ల నుంచి 1950ల దాకా వరద. ఆ వరదలోంచే ఎనిడ్ బ్లైటన్ పుస్తకాలు మన దేశపు రైల్వే స్టేషన్ల పుస్తకాల కొట్ల దాకా కొట్టుకొచ్చాయి. అమెరికాలో సూజన్ కూలిడ్జ్ రాసిన కేటీ 1873లోనే బడికి వెళ్ళింది. అబ్బాయిలతో చాటుమాటు సైగల మీద విసుగెత్తి, మర్యాద లేని నడవడిని అణచడానికి ఒక సంఘమే పెట్టింది. అలాంటి పిల్ల మనకు నచ్చకూడదు. కానీ ఒక కుర్రాడికి చీటీ రాసిందన్న అబద్ధపు నింద ఆమె మీదే పడుతుంది. మర్యాద సంఘం పెట్టిన పిల్లకే మర్యాద పోతుంది. బడి వదిలి ఇంటికి పోకుండా, ఆ నింద మాసిపోయేదాకా అక్కడే ఉండి నెగ్గుకొస్తుంది. కేటీ మీద మన ఇష్టం అక్కడే మొదలవుతుంది.

నిజానికి ఈ నాయికలందరి తల్లి బోర్డింగు స్కూల్లో చదివినది కాదు, బోర్డింగు స్కూలు పిల్లను చేరదీసినది. జేన్ ఆస్టిన్ ఎమ్మా 1815 చివర్లో వెలువడింది. మిసెస్ గొడార్డ్ బడిలో ఉండే హ్యారియెట్ స్మిత్ పెళ్ళి తన చేతిలో ఉందనుకుని, నిక్షేపంలాంటి రైతు సంబంధాన్ని ఎమ్మా చెడగొడుతుంది. ఈ నాయికను తాను తప్ప ఎవరూ పెద్దగా ఇష్టపడరని ఆస్టిన్ అనుకుందట. రెండు వందల ఏళ్ళుగా ఆ అంచనా తప్పుతూనే ఉంది. ఎందుకంటే బాక్స్ హిల్ విహారంలో పేద మిస్ బేట్స్‌ను ఎగతాళి చేసినందుకు ఎమ్మా సిగ్గుపడుతుంది, మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటి గడప ఎక్కుతుంది. నలుగురి ముందూ చేసిన తప్పుకు తానే నడిచి వెళ్ళి తలవంచే మనిషి ఎంత పెత్తనం చేసినా మనం కొంత సర్దుకుపోతాం.

బ్లైటన్‌ను పెద్దవాళ్ళు తేలిగ్గా తీసేస్తారు. వాక్యం బోసిగా ఉంటుంది, నిజమే. కానీ ఈ ఒక్క విషయంలో ఆమె లెక్క చాలా కచ్చితం. ఎలిజబెత్ అల్లెన్ అనే గారాల పిల్ల కథ మూడు పుస్తకాలు: 1940, 1942, 1945. వైట్‌లీఫ్ బడి మామూలు బడి కాదు. అబ్బాయిలూ ఉంటారు, కాబట్టి ఆడపిల్లల బడుల లెక్కలో ఇది పూర్తిగా ఇమడదు కూడా. అక్కడ పిల్లల డబ్బంతా ఒకే పెట్టెలో వేస్తారు, వారానికి తలా రెండు షిల్లింగులు పంచుతారు. వారం వారం పిల్లలే సభ పెట్టుకుని ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు విచారించుకుంటారు. అంటే అక్కడ ఇతరుల సంగతి పట్టించుకోవడమే రాజ్యాంగం. అలాంటి చోట మానిటర్ అయిన ఎలిజబెత్‌కు దొంగను పట్టాలన్న ఉబలాటం పుడుతుంది. జూలియన్ దొంగ అని తేల్చేస్తుంది. తప్పు. దొంగ ఇంకొకడు. సభ ఆమె మానిటర్ పదవి తీసేస్తుంది. పదేళ్ళ వయసులో ఆ ఘట్టం చదివి నేను అన్నం సయించక కూర్చున్నాను. తన నమ్మకమే తనను ముంచిన పిల్ల మీద కోపం రాలేదు. ఆమె ఊహ సరైనదై జూలియనే దొంగగా తేలి ఉంటే మూడో పుస్తకం ఎవరికీ గుర్తుండేది కాదు.

1946లో వచ్చిన మాలరీ టవర్స్ మొదటి పుస్తకంలోని డారెల్ రివర్స్ రెండు సార్లు కల్పించుకుంటుంది. శాలీ అనే ముడుచుకుపోయే పిల్లను, నీకు చెల్లెలు ఉంది కదా, లేదంటావేం అని వదలకుండా నిలదీస్తుంది. మాటా మాటా పెరుగుతుంది. డారెల్‌కు ముక్కు మీద కోపం, శాలీని తోసేస్తుంది. ఆ రాత్రే శాలీకి కడుపునొప్పి, ప్రాణం మీదికి వస్తుంది. నిజానికి అది అపెండిసైటిస్, తోపుకూ దానికీ సంబంధం లేదు. కానీ ఆ సంగతి తెలిసేదాకా డారెల్ పడే నరకం ఉంది చూడండి, ఆమె అధిక ప్రసంగానికి బ్లైటన్ వేసిన జరిమానా అది. శస్త్రచికిత్స చేయడానికి వచ్చేది డారెల్ తండ్రే కావడం కథ సౌకర్యం కోసమే, దాన్ని చూసీ చూడనట్టు వదిలేద్దాం. రెండోసారి, పిరికి మేరీ లూకు ధైర్యం నేర్పాలని ఈత కొలనులో మునిగిపోతున్నట్టు నటిస్తుంది. మేరీ లూ నిజంగానే దూకేస్తుంది. నాకు ఈ రెండోది కొంచెం రుచించదు. ఇక్కడ డారెల్‌కు పోయేదేమీ లేదు, వణుకుతూ నీళ్ళలోకి దూకింది అవతలి పిల్ల. ఇది వేలు పెట్టడం.

డోరిటా ఫెయిర్లీ బ్రూస్ సృష్టించిన డిమ్సీ 1920 నుంచి ఉంది. పెద్దపిల్లల మీద చిన్నపిల్లలు మోజు పెంచుకుని పూలు ఇచ్చుకోవడాన్ని ఎదిరించే ఒక సంఘంలో ఆమె ముఖ్యురాలు. 1937 నాటి పుస్తకానికైతే డిమ్సీ కల్పించుకుంటుంది అనే పేరే పెట్టారు. రచయిత్రి తన నాయిక వృత్తి ఏమిటో అట్ట మీదే ఒప్పేసుకుందన్నమాట.

ఈ ప్రశ్న నిజంగా ఉడుకెత్తేది ఎలినోర్ బ్రెంట్-డయర్ షాలే స్కూల్ పుస్తకాల దగ్గర. 1925లో టైరోల్ కొండల్లో మొదలై, రచయిత్రి చనిపోయిన మరుసటి ఏడు 1970 దాకా సాగిన దాదాపు అరవై పుస్తకాల గొలుసు అది. ఇందులో కల్పించుకునే నాయికలు ఇద్దరు. మొదట జో బెట్టనీ, 1949 నుంచి మేరీ-లూ ట్రెలానీ (బ్లైటన్ మేరీ లూ ఈమె కాదు). చదువరులు ఇక్కడే రెండు వర్గాలవుతారు.

జో సంగతి చూడండి. అక్క మాడ్జ్ బడి పెట్టింది, చెల్లెలు రోగిష్టి. ఊపిరితిత్తులు బలంగా లేవు, చలిలో తిరగకూడదు. అయినా ఎవరైనా ఏడుస్తూ కనబడితే ఆగలేదు. 1927 పుస్తకంలో దుండగులు ఎత్తుకుపోయిన రాకుమారి కోసం కొండల్లో పడి వెళుతుంది. అదంతా సాహస కథల సరుకే అనుకున్నా, 1940 నాటి ప్రవాసం పుస్తకంలో రచయిత్రి ఎత్తు పెంచింది. ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించుకున్నాక, ఊరి వీధిలో యూదు నగల వ్యాపారి అయిన ఒక ముసలాయనను అల్లరిమూక చుట్టుముడుతుంది. జో, ఆమెతో ఉన్న పిల్లలు మధ్యలోకి వెళతారు. మీకెందుకు అని అడగడానికి ఆనాడు ఐరోపాలో ఎంతో మంది ఉన్నారు. పిల్లలు కొండలు దాటి స్విట్జర్లాండుకు పారిపోవలసి వస్తుంది, బడికి బడే దేశం వదులుతుంది. యుద్ధం నడుస్తుండగానే అచ్చయిన పుస్తకం ఇది. అడక్కుండా దూరే అలవాటు ఇంత బరువు మోయగలదని అప్పటిదాకా ఆ రచయిత్రికి కూడా తెలిసి ఉండదు.

అదే జో పెళ్ళయి, పదకొండు మంది పిల్లల తల్లయి, పేరున్న రచయిత్రయి, బడి పక్కనే కాపురం పెట్టాక ఏమైంది? కష్టపడే కొత్తపిల్లను ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, మనసు విప్పించి పంపుతుంది. ప్రతిసారీ ఆమె మాటే నెగ్గుతుంది. ఆమెకు పోయేదేమీ ఉండదు. చదువరుల విసుగు సరిగ్గా ఆ పుస్తకాల్లోనే మొదలవడం యాదృచ్ఛికం అనుకోను. మనిషి మారలేదు, మాటతీరు మారలేదు, రోలు మాత్రం ఖాళీ అయింది.

మేరీ-లూ మరింత చిక్కు. పెద్దవాళ్ళ మధ్య ఒంటరిగా పెరిగిన పిల్ల. ప్రిన్సిపాల్‌తో అయినా తోటివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది, అందులో పొగరు లేదు. తెలుగులో ఇలాంటి పిల్లను ఆరిందా అంటాం. ఆ మాటలో కోపం సగం, ముద్దు సగం. ఆరిందాకు తాను ఆరిందానని తెలియనంత కాలమే ముద్దు. తెలిసిందో, ఇక ముదురే. మేరీ-లూ తొలి పుస్తకాల్లో ఆ తెలియనితనం ఉంది. తర్వాత పంతులమ్మలే దారికి రాని పిల్లల్ని ఆమెకు అప్పగించడం మొదలుపెడతారు. ఆ క్షణం నుంచి ఆమె జోక్యానికి ముద్ర పడిపోతుంది, అది అధికారుల పని అవుతుంది. స్నేహితురాలు అడిగితే చెప్పే రహస్యం వార్డెన్ పంపిన దూతకు ఎవరు చెబుతారు? చెబుతారనే ఆ పుస్తకాలు నమ్మిస్తాయి. నేను నమ్మను.

అయితే బ్రెంట్-డయర్ కూడా ఆ ప్రమాదాన్ని పసిగట్టిందేమో. 1956 నాటి మేరీ-లూ పుస్తకంలో జెస్సికా అనే పిల్ల మంచాన పడిన సవతి చెల్లెలి మీద అసూయతో కుళ్ళుతుంటుంది. మేరీ-లూ ఆ ముడి విప్పబోతుంది. ఇంతలో మంచులో జారుడుబండి మీద వచ్చిన వేరే పిల్ల గుద్దేయడంతో మేరీ-లూకే ప్రాణాపాయం వస్తుంది, మంచాన పడుతుంది, జుట్టు తీసేస్తారు. ఇతరుల మంచాల గురించి మాట్లాడే పిల్ల తానే మంచమెక్కితే గానీ రచయిత్రి ఆమెను మనకు తిరిగి ఇవ్వలేకపోయింది. కొత్తగా మొలిచిన జుట్టు వంకీలు తిరిగి మరింత అందంగా ఉంటుందని మళ్ళీ బుజ్జగించిందనుకోండి, అది ఆమె బలహీనత.

వీటన్నిటి కింద ఒక కట్టుబాటు ఉంది. ఈ బడుల్లో చాడీకోరు అన్నదాన్ని మించిన తిట్టు లేదు. గొడవ పిల్లల మధ్యే తేలాలి, పైకి పోకూడదు. కాబట్టి మంచి నాయిక జోక్యం అడ్డంగా సాగుతుంది, మంచం నుంచి మంచానికి. నిలువుగా సాగితే, అంటే ఆఫీసు గది దాకా ఎక్కితే, ఆమె విలన్ అవుతుంది. విమర్శకుల్లో మేరీ కాడోగన్, పట్రీషియా క్రెయిగ్ 1976లో ఈ పుస్తకాలను కాస్త నవ్వుతూ, కాస్త చురక వేస్తూ చర్చించారు. 1992లో రోజ్‌మేరీ ఆక్‌మ్యూటీ వేరే వైపు నుంచి చూసింది: అధికారం, స్నేహం, పని అన్నీ ఆడవాళ్ళ చేతుల్లోనే ఉన్న లోకం ఆడపిల్లలకు ఈ పుస్తకాల్లోనే దొరికిందని ఆమె వాదం. నేను ఆమె వైపే. ఒక్క చేర్పు మాత్రం ఉంది. తల్లీ అత్తా మేనత్తా లేని లోకం కూడా అది. మన ఇళ్ళల్లో కల్పించుకునే ఉద్యోగాలన్నీ వాళ్ళే నింపేశారు. పద్నాలుగేళ్ళ పిల్లకు ఖాళీ ఎక్కడిది? భానుమతి అత్తగారి కథల్లో ఇంటిల్లిపాది పనుల్లోనూ దూరే హక్కు వయసుతో వచ్చింది. బోర్డింగు స్కూలు ఆ హక్కును పన్నెండేళ్ళకే ఇచ్చింది.

తెలుగులో ఇలాంటి నవలలు ఒక శాఖగా ఎదగలేదు. కారణం వెతకడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. ఇక్కడ ఆడపిల్లల బడే ఒక జోక్యం. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో శారదా నికేతనం పెట్టినా, 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టినా కత్తిపీటకెందుకు దురద అని అడిగినవాళ్ళు ఉండే ఉంటారు. మా ఉమ్రీ కూడా అప్పుడు నిజాం రాజ్యంలోదే. ఆ రాజ్యంలో తెలుగు మాధ్యమంలో చదివిన ఆడపిల్లలకు ఉర్దూ ఉస్మానియాలో చోటు లేక, పుణేలో కర్వే 1916లో పెట్టిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలే దిక్కయ్యాయి. తెలుగు పిల్లలకు మరాఠీ పెద్దాయన దారి చూపాడన్న ఈ సంగతి మా రైలుదారిలోని వాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. ఇంత చేసి బడికి పంపిన పిల్ల గురించి, ఆ బడిలో ఈత కొలను ఆటల కథలు ఎవరు రాస్తారు?

కథల్లో లేని పిల్ల చరిత్రలో ఉంది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. మా ఊళ్ళో దేశ్‌ముఖ్ అనగానే మరాఠీ మనిషే అనుకుంటారు. ఆ ఇంటిపేరు 1953లో సి.డి. దేశ్‌ముఖ్‌తో పెళ్ళితో వచ్చినది. 1921 ఏప్రిల్‌లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు నిండలేదు. దేవదాసీలు, ఘోషా ముస్లిం స్త్రీలు గాంధీని కలవాలని ఆమె పట్టుబట్టింది. ఎవరు అడిగారు ఆమెను? స్థానిక నాయకులు వదిలించుకోవడానికి 5,000 రూపాయల నిధి అన్నారు. దేవదాసీలు పోగుచేశారు. చోటు కావాలి, అదీ సంపాదించింది. గాంధీ వచ్చారు, అనుకున్న కొద్ది నిమిషాలూ దాటిపోయి ఉన్నారు, ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆయన హిందీ మాటలను ఆ చిన్నపిల్లే తెలుగు చేసింది. తర్వాతి సభలో కూడా ఆమెనే తెలుగు చేయమన్నారు, కొండా వెంకటప్పయ్యగారి వంటి పెద్దవారు పక్కనుండగా.

రెండేళ్ళ తర్వాత, 1923 డిసెంబర్ కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరు. టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి కోప్పడ్డారు. నియమం మీరు చెప్పిందే కదా అంది. వాళ్ళు టికెట్ కొన్నాకే నెహ్రూ లోపలికి వెళ్ళాడు. ఈ రెండో కథే అందరూ చెప్పుకుంటారు, పాఠాలుగా వేస్తారు. నాకు మాత్రం మొదటిదే గొప్పది. గుమ్మం దగ్గర ఆపడం డ్యూటీ, దానికి చీటీ ఉంది. దేవదాసీల వాడకు వెళ్ళడం మాత్రం ఎవరూ చెప్పని పని, బ్రాహ్మణ ఇంటి పిల్లకు ఆ రోజుల్లో మాట పడే పని. ఎనిమిదేళ్ళకే చేసిన పెళ్ళిలోంచి బయటికి రావడం, ఆడపిల్లలకు హిందీ బడి పెట్టడం, తర్వాత మద్రాసులో పిల్లల కోసం లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్, దాంట్లోంచి 1937లో ఆంధ్ర మహిళా సభ, 1958లో స్త్రీ విద్య మీద జాతీయ సంఘం అధ్యక్షత: జీవితమంతా ఒకటే అలవాటు. అయితే ఆమె కూడా పెద్దయ్యాక పెద్ద పదవుల్లోంచి చేసిన పనులను మనం గౌరవిస్తాం. ప్రేమించేది మాత్రం కాకినాడ పిల్లను. జోకు పట్టిన గతే ఇక్కడా కొంత పట్టింది, ఇందులో ఆమె తప్పేం లేదు.

మన సాహిత్యంలో దగ్గరి బంధువు కోసం చూస్తే బడిలో కాదు, వేశ్యవాడలో దొరుకుతుంది. గురజాడ మధురవాణి. 1892లో తొలిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో పెరిగిన కన్యాశుల్కంలో సుబ్బి పెళ్ళి తప్పితే మధురవాణికి వచ్చేదేం లేదు. అయినా మారువేషపు పెళ్ళికూతురి నాటకంలో దిగుతుంది. చివరికి వేశ్య మొహం చూడని సౌజన్యారావు ఇంటికి మగవేషంలో వెళ్ళి, ముసుగు తీశాక ఎదురయ్యే అసహ్యానికి సిద్ధపడుతుంది. రోటిలో తల అంటే అదీ.

చివరగా మా హాస్టల్ సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. ఊరి పేరు వద్దు. మా గదిలో ఒక అక్క ఉండేది, సాక్షాత్తు ఆరిందా. కిన్వట్ వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్ల మూడు రోజులుగా సరిగా తినడం లేదని కనిపెట్టింది. ఇంటి మీద బెంగ అని తేల్చింది. వార్డెన్‌కు చెప్పలేదు, ఆ పిల్లనూ అడగలేదు, అడ్రసు సంపాదించి తండ్రికి ఇన్‌లాండ్ లెటర్ రాసేసింది. నాలుగో రోజు ఆయన భుజాన సీతాఫలాల బుట్టతో దిగాడు, రెండు రోజుల కూలి పోగొట్టుకుని. తీరా చూస్తే పిల్లకు బెంగా లేదు ఏమీ లేదు, దవడపన్ను వాచింది. వార్డెన్ అందరి ముందూ అక్కను నిలబెట్టి కడిగేసింది. అక్క ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆయన బస్సు ఛార్జీ తన డబ్బుల్లోంచి ఇచ్చింది, ఆ తర్వాత రెండు నెలలు ఆదివారం మాతో బజారుకు రాలేదు. పన్ను నొప్పి పిల్ల తినలేదు కాబట్టి సీతాఫలాలన్నీ మేమే తిన్నాం.

దసరా సెలవుల తర్వాత ఇంకో కొత్తపిల్ల వచ్చింది. మేం పలకరించేలోపే అక్క ఆ పిల్ల ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. 'నోరు తెరువు, ముందు పళ్ళు చూస్తా' అంటోంది.